ఇరవై ఎనిమిదో రోజు

కిసుములో సరస్సు గాలి పొద్దున్నే
మా లేబరేటరీ తలుపును కొట్టి కొట్టి తెరుస్తుంది.
లోపల నేనూ, నా యంత్రమూ.
పదకొండేళ్లుగా నా పని ఒక్కటే:
జానెడైనా లేని కాంక్రీటు దిమ్మెల్ని
ఇనుప దవడల మధ్య పెట్టి
ఎంత బరువుకు ప్రాణం వదులుతాయో రాసుకోవడం.

దిమ్మె అబద్ధమాడదంటారు.
ఆడుతుంది. నేను విన్నాను.
ఎనిమిదంతస్తుల సైటు నుంచి వచ్చే దిమ్మె
ఇస్త్రీ చొక్కాలా నున్నగా ఉంటుంది.
దాన్ని విడిగా కలిపారు,
దోసిళ్లకొద్దీ సిమెంటు పోసి, నా కోసమే.
అరువు సొమ్ము బరువు చేటంటారే,
ఇక్కడ అరువు సొమ్మే బరువు మోస్తుంది.
స్తంభంలోకి వెళ్లింది వేరే.
దాంట్లో ఒండ్రు ఉంది, నత్తగుల్లలున్నాయి,
ఎండకు గట్టిపడుతోందని మేస్త్రీ గుమ్మరించిన
అదనపు బకెట్టు నీళ్లున్నాయి.
తెలిసే రాశాను: ముప్ఫై ఒకటి. పాస్.
కింద కోడి కెలికినట్టు ఒక సంతకం,
ఎవరూ చదవలేనట్టు.
నేను కూడా.

మార్చిలో, వానలు దిగే వారం,
బాలికల హాస్టల్ సైటుకి అచోలా వచ్చింది,
తన కాళ్లకు రెండు సైజులు పెద్ద బూట్లతో.
ఫాంటా సీసాలో ఇసుకా నీళ్లూ పోసి కుదిపి
రాత్రంతా కదలనివ్వకుండా ఉంచింది.
తెల్లారేసరికి ఇసుక మీద మూడు వేళ్ల బురద.
లారీని వెనక్కి పంపింది.
మర్నాడూ పంపింది.
మూడోసారి డ్రైవరు ఆమెతో మాట్లాడటం మానేశాడు,
ఇసుక మాత్రం కడిగినట్టు వచ్చింది.

స్తంభానికి ఎక్కుతున్న తోపుడుబండి నుంచే
అచ్చులోకి రెండు తాపీలు తీసింది.
తడి ఆరకముందే మేకు చేతికిచ్చి
ముట్టుకున్న ప్రతివాళ్లనీ పేరు గీకమంది.
బస్తాలు లెక్కపెట్టిన ఒకెల్లో,
వైబ్రేటర్ పట్టిన ముసలి ఓడెక్.
అక్షరాలు రాని నెరియా బొటనవేలు ఒత్తింది.
"దిమ్మెకు బారసాల చేస్తున్నావా?" అని
కాంట్రాక్టరు ఒగుటు నవ్వాడు,
మేకు ముట్టలేదు.
అతనికి వదిలిన చోటు నున్నగా మిగిలింది.
చివర్న, ఒక మూల, ఆమె పేరు.

ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో పడుకుని
దిమ్మె నా బల్ల మీదికొచ్చింది.
ఇరవై అయిదు మోయాలి.
పదహారుకే గొంతు పెగిలింది.
పగులు ఒగుటు చోటు జోలికి పోలేదు,
అచోలా పేరు నడుమ నుంచి దిగింది.

సాయంత్రం ఫోను.
"తొంభై అడగట్లేదు ఓబియెరో.
ఇరవై ఆరు చాలు.
ఒకటికి చిన్న వంపు, అంతేగా?"
కలం చేతిలోనే ఉంది.
ఆ వంపు నా వేళ్లకు బాగా అలవాటే.

మర్నాడు అచోలా కాగితం రెండుసార్లు చదివింది.
ఇసుక బాగుంది, మరి నీళ్లా, సిమెంటా అని
తనలో తనే గొణుక్కుంది.
"నేనూ ఉన్నాను ఇందులో," అంది,
"కొట్టేయాలి."
మూడు రోజులు సమ్మెటలు మోగాయి.
నిలబెట్టిన ఓడెక్కే పడగొట్టాడు.
ఆ మూడు రోజుల కూలి ఎవరివ్వాలో
ఇంకా తేలలేదు.

ఆ కాగితం మీద, 'పరీక్షించినవారు' దగ్గర,
పిల్లలు పలక మీద దిద్దినట్టు
ఓబియెరో రడింగ్ అని పూర్తిగా రాశాను.
చెయ్యి వణికింది, దాచను.
బీరువాలో పదకొండేళ్ల కాగితాలున్నాయి.
వాటిని నమ్మి కట్టిన ఇళ్లల్లో
ఈ రాత్రి కూడా ఎవరో లైటు వేసుకుంటారు,
పైఅంతస్తులో ఎవరో మంచం జరుపుతారు.
వాటి గురించి
నాకింకా నోరు రాలేదు.

పగిలిన దిమ్మెలో ఒక సగం
తలుపుకు అడ్డం పెట్టాను.
అంత మాత్రానికి సరిపోయింది.
నెరియా బొటనవేలి సుడిలో
రోజూ కాస్త దుమ్ము చేరుతుంది.
వంగి, ఊది, పనిలోకి వెళ్తాను.