బుధవారం గడి

పాత రైల్వే క్యాలెండరు వెనక
స్కేలు దొరక్క అప్పడాల కర్రతో గీతలు గీస్తున్నాను.
నిలువు ఆరు, అడ్డం అయిదు.
గుణుపురంలో మే నెల ఆఖరు రాత్రి,
వంశధార ఇసక ఇంకా వేడి కక్కుతూనే ఉంది.
తొమ్మిదికే కరెంటు పోయింది.
ఆయన సుత్తి భుజానేసుకుని
ఈ పాటికి ఏ కల్వర్టు దగ్గరో ఉంటాడు.
పిల్లలు ముగ్గురూ చాప మీద
రాయడం రానివాళ్ళు రాసిన మాటలా పడుకున్నారు:
కెజియా ఒక వార,
ఓబేదు, వాడి కింద ఒత్తులా తబిత.

సోమవారం వాక్యం, తర్వాత లెక్కలు.
లెక్కలు అని రాశాక పెన్సిలు ఆగింది.
ఇంటర్ రెండుసార్లు తప్పిన చెయ్యి ఇది,
భిన్నాలంటే ఇప్పటికీ చెమట పడుతుంది.
రొట్టె విరిస్తే సగం వస్తుంది, పావు వస్తుంది.
మూడు బై ఏడు ఎలా విరవను ప్రభువా,
ఇంట్లో ఉన్నది అయిదుగురమే.

వీధి బడిలో ఒడియా చెప్తారు. మంచి భాష.
ఆ అక్షరాలన్నీ గొడుగులేసుకుని నడుస్తాయి,
మనవాటికి తలకట్టే దిక్కు.
తెలుగు మాష్టారు రిటైరయ్యాక ఆయన కుర్చీ ఖాళీ,
కొన్నాళ్ళకి కుర్చీ కూడా లేదు.
మందిరంలో పాటల పుస్తకం చేతికిస్తే
కెజియా తలకిందులుగా పట్టుకుంది ఒక ఆదివారం.
సోమవారం నేను బడి పెట్టాను.

"గుంటల్ని ఇంట్లో కట్టీసి ఏటి సదివిస్తావమ్మా,
రేపు సర్టిఫికెట్టు ఎవులిత్తారు?"
పక్కింటి పైడితల్లమ్మ గోడ మీంచి అడుగుతుంది,
మునక్కాడలు అందిస్తూనే.
ప్రైవేటుగా రాయిస్తానంటాను.
మునక్కాడలు మాత్రం రెండు చేతులా తీసుకుంటాను.

మంగళవారం తెలుగు, ఒడియా అంకెలు.
గురువారం భిన్నాలు, తప్పదు.
శుక్రవారం మొక్కలు, కంఠత వాక్యం.
శనివారం గోళ్ళు, తలలు, పాత పాఠం.
బుధవారం?

పోయినేడు పట్టిక ట్రంకు పెట్టెలోంచి తీశాను.
జూన్ నిండా టిక్కులు. జూలై సగం.
ఆగస్టులో నాకు మలేరియా.
అయిదు వారాల గడులు
ఆసుపత్రి దుప్పట్లలా తెల్లగా.
నా బడి మూతపడిందని
ఏడాదంతా ప్రార్థనలో ఆ మాట దగ్గరే తల దించుకున్నాను.

దీపం దగ్గరికి జరిపితే
ఆ తెలుపులో సన్నగా చీమలబారు.
కెజియా రాత. గట్టిగా నొక్కలేదు,
నాకు కనబడకూడదని కాబోలు.

"అమ్మ లేవలేదు. తబితకి ఊ నేర్పేను."
"గంజి వార్చేం. గ్లాసు బియ్యం, నాలుగు గ్లాసుల నీళ్ళు. ఓబేదు లెక్క తప్పేడు. పొయ్యి ఆరిపోయింది."
"సంతకెళ్ళేం. కొండ దిగొచ్చిన సవర అవ్వ అల్లం ఊరికే ఇచ్చింది. సవర మాటలు నాలుగు చెప్పింది. మూడు గుర్తున్నాయి."
"నాన్న ప్రార్థన చేస్తా నిద్దరోయేడు. ఆమేన్ నేనన్నాను."
ఒక గడిలో మాట లేదు.
ఏనుగు, అయిదు కాళ్ళతో.

నవ్వొచ్చింది.
వెనకే నవ్వు కానిది కూడా వచ్చింది,
కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను, పిల్లలు లేస్తారని.
సంత బుధవారమే కదా.
ఆ గడిలో ఏమీ రాయలేదు.
రబ్బరు తీసి
దాని చుట్టూ గీతలు కొంచెం వెనక్కి జరిపాను.

తెల్లారగట్ల తలుపు చప్పుడు.
ఆయన ఒంటి మీద గ్రీజు వాసన, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.
పట్టిక కేసి చూశాడు,
చదవకుండానే బాగుందన్నాడు.
"రాత్రి నిద్ర లేదేటి నీకూ?"
ఏం చెప్పను. భిన్నాలన్నాను.

"మాదీ అదే," అన్నాడు చెప్పులిప్పుతూ.
"వంతెన దగ్గర ఏడు స్లీపర్లు చూసేం.
అందులో మూడు పగుళ్ళు. మార్చేం."

ఆగు, మళ్ళీ చెప్పు, అన్నాను
చాప కింద పెన్సిలు తడుముకుంటూ.