నడుమ పొర

జ్యూరిక్‌లో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
ఉర్సినా కాడుఫ్ బల్ల మీద
గాజు సీసాలో ఒక పురుగు, గోరంత కూడా లేదు.
పటకారుతో కాలు పట్టుకుంటే
టప్పున పేలింది.
కాగితం మీద గోధుమరంగు మరక, ఇంకా వెచ్చగా.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే,
దీని పొట్టలో ఇమిడాయి.
ఈ గదిలో మందు, ఆ గదిలో నిప్పురవ్వ,
నడుమ ఒక తలుపు.
కాపురమంతా ఆ తలుపు మీదే.

ఆ తలుపునే ఆమె నాలుగేళ్లుగా గీస్తోంది.
ప్లాస్టిక్ తేనెపట్టు, రెండు అరలు,
మధ్య వెంట్రుక కన్నా పల్చని లక్క.
డబ్బుల యంత్రానికి లోపలివైపు అంటించాక
పగలగొట్టడానికి రేటో వచ్చాడు.
ఒకప్పుడు ఇదే పనికి జైలుకెళ్లినవాడు,
ఇవాళ గంటకింత అని కూలి.

మూడో దెబ్బకి నురగ బుస్సుమంది
కళ్లద్దాల మీద, గడ్డం మీద, సుత్తి పిడి మీద.
నోట్లన్నీ నీలిరంగు.
గదిలో చప్పట్లు.

అతను మాత్రం మోకాళ్ల మీద కూలబడి
సీసాలోకి చూస్తున్నాడు.
"కప్ప మింగితే?"
"మింగుతుంది. కాసేపటికి కక్కేస్తుంది."
"బతికే ఉంటుందా?"
"చాలాసార్లు."

మెడ మీద ఎర్రబడ్డ చోట
తడి తువ్వాలు అద్దుకుంటూ అడిగాడు:
"రెండూనా?"

ఉర్సినా పట్టికలో ఆ ప్రశ్నకి గడి లేదు.
అంచున, పెన్సిలుతో రాసుకుంది:
వేడి
ఇంకో పది డిగ్రీలు తగ్గించి చూడాలి.