ఎగువ దారి, పాత బ్యాటరీ

నరోక్ దాటాక అంతా ఎర్రమట్టి.
వాన పడితే లారీ చెప్పిన మాట వినదు.
కోడి కూయకముందే బయల్దేరాం:
పదకొండు కుటుంబాలు, ఆరు మేకలు,
ఇరవై రేకులు, పసుపు రంగు నీళ్ళ క్యాన్లు,
ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కోర్టు తీర్పు,
దాని మీద ఒక ఉప్పు పొట్లం.

తాప్లెలె అవ్వని క్యాబిన్‌లో కూర్చోమన్నాను.
"దిగేటప్పుడు వెనకే నిలబడ్డాను,
ఎక్కేటప్పుడూ వెనకే" అంది.

దిగడమంటే ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి మాట.
ఆ రోజు సర్కారు లారీ తోలింది మా నాన్న.
ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు నేను.
బాడుగ సగమే చాలన్నాను,
ఎందుకో అదీ చెప్పలేదు.

ఆయనా చెప్పేవాడు కాదు.
తాగిన రాత్రి మాత్రం పొగ గురించి మాట్లాడేవాడు.
దేవదారు దుంగలు తొలిచి చేసిన తేనెతొట్లు కాలుతుంటే
కొండంతా తీపి వాసన వేసిందట.
"అద్దంలోకి చూడలేదురా" అనేవాడు,
నేనేదో అడిగినట్టు.
పోయేదాకా టీలో చక్కెర వేసుకోలేదు.

రోడ్డు పక్క గుడారంలో పుట్టిన చెలిమో,
అదే గుడారంలో పుట్టిన వాళ్ళమ్మ ఒళ్ళోంచి
నా వెనక కిటికీ తట్టి అడిగింది:
"అడవిలో ఫోను చార్జింగు ఎక్కడ పెడతారు?"
గేరు మార్చడంలో మునిగినట్టు నటించాను.

తేయాకు తోటల దగ్గర ఆపమన్నారు.
అవ్వ దిగింది. చూసింది.
వెతికిన చెట్టు లేదు,
దాని నీడ పడే వాలు కూడా లేదు.
తలంటి దువ్వినట్టు పొదలు, పొదలు.
"ఇక్కడ మా అత్తవి తొమ్మిది తొట్లు" అని వేలు చూపింది.
అందరం అటే చూశాం.
ఏమీ లేదు. అయినా చూశాం.

అడ్డుకర్ర దగ్గర గార్డు కుర్రాడు
తీర్పు మొత్తం నిలబడే చదివాడు, ఎనిమిది పేజీలు.
నా లారీ పొగకి దగ్గుతూ చదివాడు.
"మేకలు ఆరని రాసుకుంటున్నా, ఏడు కాకూడదు."
"లోపలికెళ్ళాక ఈనితే?" అంది అవ్వ.
దానికి ఏ పేజీలోనూ జవాబు దొరక్క
కర్ర పైకెత్తాడు.

వెదురు మొదలయ్యే మలుపులో
క్యాబిన్ రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి.
"మీ నాన్న ఇక్కడ ఆపాడు" అంది పైనుంచి.
నా చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి.
"పొద్దుట్నుంచీ చూస్తున్నా, ఆ చెవులు వాడివే.
చంటిదానికి పాలివ్వాలంటే ఆపాడు. పోలీసులు తిట్టారు.
ఇంజిను మాత్రం ఆపలేదు.
ఆ రొదకి బిడ్డ తాగలేదు."

బిడ్డ ఏమైందని అడగడానికి
నోరు రాలేదు నాకు.

"ఇప్పుడు ఆపు."

నా బ్యాటరీ పాతది.
ఇల్లు చేరేదాకా తాళం తిప్పకు అని
మెకానిక్ ఒట్టు వేయించుకున్నాడు.
తిప్పేశాను.

మొదట నా చెవుల్లో హోరు.
తర్వాత ఎక్కడో పైన ఏదో కూసింది,
పిట్టో, జంతువో, నాకు తెలీదు.
ముసలి తలలన్నీ ఒకేసారి అటు తిరిగాయి.
పిల్లల తలలు ముసలివాళ్ళ వైపు తిరిగాయి.

లారీ మళ్ళీ కదల్లేదు.
సామాను అక్కడే దింపేశారు.
రేకులు నెత్తికెక్కాయి, తీర్పు అవ్వ చంకలోకి వెళ్ళింది.
"సిలిబ్వెట్ పూశాక రా, తేనె ఉంటుంది" అంది కిప్కొరొక్.
"ఉండకపోనూ వచ్చు" అంది అవ్వ. "అయినా రా."

రివర్సు గేరు వేసి, క్లచ్ తొక్కి,
బ్రేకు వదిలాను.
లారీ వెనక్కి జారింది. నాలుగు గజాల తర్వాత
క్లచ్ వదిలితే దగ్గుతూ లేచింది ఇంజిను.
తిప్పుకునే చోటు లేదు ఆ దారిలో.
ఒక కన్ను అద్దం మీద, ఒక కన్ను వాళ్ళ మీద పెట్టి
అడ్డుకర్ర దాకా
అలాగే దిగాను.