ఆరువందల నలభై

పగిలినంక పిలుస్తరు నన్ను.
హన్మకొండ చౌరస్తా వెనక గల్లీల అద్దాల దుకాణం,
యాకయ్య అంటే ఎవరైనా చూపిస్తరు.

మొన్న గ్రంథాలయం నోటీసు బోర్డు.
మూడడుగులు, రెండున్నర. నాలుగు ఎం.ఎం. సాదా అద్దం.
లప్పం, మేకులు, నా కూలి కలిపి
ఆరువందల నలభై.
సంతకం పెట్టబోతుంటే హెడ్డు కానిస్టేబులు
నా పెన్ను మీద వేలు పెట్టిండు.
"ఇంకో సున్న పెట్టు యాకయ్యా,
గింత రూపాయికి సెక్షను నిలబడదు."

అద్దం మీద సున్న గీసుడు ఎంత కష్టమో నాకెరుక.
హీర కలం ఒక్క వెంట్రుక పక్కకు జరిగితే
పలక పలకే చీలుతది.
కాగితం మీద ఏ చేతికైనా వస్తది సున్న.

పగలగొట్టింది అజయ్, ఎల్కతుర్తి దిక్కు పిలగాడు.
రెండేండ్ల సంది కిటికీ పక్క కుర్చీ ఆయనదే.
దేనికి చదువుతున్నవ్ రా అంటే
కానిస్టేబులుకు, అన్నడు.
నవ్వొచ్చింది. హెడ్డు మొకం చూసి ఆపుకున్న.

మన రీడింగు రూములకెల్లి కొలువులొచ్చినోళ్లకు అభినందనలని
పదకొండు పేర్లు అంటించిండ్రు బోర్డుల.
పన్నెండోది ఉండాల్సింది. ఒకటిన్నర మార్కు.
చేతిల స్టీలు టిఫిను డబ్బ ఉండె.
ఇసిరిండు.
అద్దం ముక్కల నడుమ పచ్చడి మెతుకులు కూడ ఉండెనట.

కేసయితే ఇగ ఖాకీ గుడ్డ
కలలకు కూడ రాదు పిలగానికి.

మా దిక్కు ఒక గుట్టను పలకలు పలకలు కోసి
ఓడలెక్కిచ్చినాయన
పోయిన నెల ఇదే హాలుకు ఆరు ఫ్యాన్లిచ్చి
శాలువ కప్పిచ్చుకున్నడు.
ఖిల్లల రాతి ఏనుగుల తొండాలిరగ్గొట్టినోళ్లు
పాఠం పుస్తకంల ఉన్నరు.
వాళ్ల తేదీ తప్పు రాసే ఈ పిలగాడు
ఒక మార్కు పోగొట్టుకున్నడు.

ఇదంత మనసుల అనుకొని
సున్న పెట్టకుంటనే లేచిన.
ఎంతో మంచోన్నయినట్టనిపిచ్చింది,
మెట్లు దిగేదాక.

మెట్ల మీద కొంరమ్మ కూసున్నది, కుడి చేతికి కట్టు.
తెల్లారకముందు ఊడ్వ వచ్చిందట. కరెంటు లేదు.
చీపురుకందని ముక్కను అరచేత్తో తీసింది.
ఏడు కుట్లు.
ఊడ్వని దినం పైస లేదు ఆమెకు.

"నువ్వు రాసిన లెక్కల నా చెయ్యున్నదా యాకయ్యా?"

లేదు.
టేపు పట్టి అద్దాన్నే కొలిచిన.

మరి జైల్ల పెట్టుమంటవా అన్న.
"జైల్ల కూసుంటే నా వాకిలెవడూడుస్తడు,
రమ్మను, నా చెయ్యి మానేదాక చీపురు పట్టుమను" అన్నది.
జర సేపటికి,
"పెట్టుండ్రి. నాలుగు దినాలన్న పెట్టుండ్రి.
మా అసొంటోళ్ల నెత్తురంటే గింతేనా" అన్నది.
రెండూ ఆమె మాటలే.
ఏది రాసుకోవాల్నో నాకు తెల్వలే.

తెల్లారి అద్దం ఎక్కిచ్చేటప్పుడు
పిలువకుంటనే వచ్చి కింది అంచు పట్టుకున్నడు అజయ్.
సందేళ టేషన్ల సంతకం పెట్టాలెనట, అప్పటిదాక ఇడిసిండ్రు.
నేనిటు, వాడటు, నడుమ అద్దం.
మాట లేదు.
లోపల మల్ల అంటిచ్చిన పేర్లు
పదకొండూ వాని మొకం మీద కనబడ్డయి.
కింద కొంరమ్మ ఎడమ చేత్తో
వంకర టింకరగ ఊడుస్తున్నది.
వాడు చూసిండు. చీపురు అడిగిండా
అడగలేదా, నేను మేకు కొడుతున్న, వినలే.

లప్పం ఆరాలంటే వారం పడుతది.
ముట్టొద్దని చీటీ కట్టి వచ్చిన.
రెండో దినం పోయి చూస్తే
మూలకు ఒక వేలి గుర్తు, లోతుగ.
ఆరిందా లేదా అని ఎవరో నొక్కి చూసిండ్రు.
పిలగాడో, హెడ్డో,
ఎడమ చేతితోని కొంరమ్మనో.
బొటనవేలితో ఒక్కసారి రాస్తే నున్నగయితది.
రాయలే.

ఎస్టిమేటు కాగితం ఇంకా నా అంగి జేబులనే,
చెమటకు మెత్తబడ్డది.
నలభై పక్కన జాగ ఉన్నది.
కింద నా సంతకానికి కూడ.
హెడ్డు ఫోను మోగుతున్నది.