ఇంటిపేరు

కుతాయిసీలో వాన మొదలైతే
మా కొట్టు మెట్ల మీద నీళ్లు
అడక్కుండానే లోపలికొస్తాయి.
వాటి వెనకే వచ్చింది త్సియాలా,
దొంగిలించిన రొట్టెలా
కోటు లోపల దాచుకున్న లాప్‌టాప్‌తో.

"అన్నీ బానే ఉన్నాయి, మల్ఖాజ్.
గాలే పట్టడం లేదు దీనికి."

వెనక మూత విప్పాను. పదకొండు మరలు.
ఒకటి అరిగిపోయి
స్క్రూడ్రైవర్‌ని వెక్కిరించింది.
లోపల ఓ మూల, తపాలా బిళ్లంత పచ్చటి ముక్క,
నెత్తిన నల్లతీగ ఒకటి, తెల్లతీగ ఒకటి.
వేలు పెడితే చల్లగా తగిలింది.
మా వృత్తిలో చల్లదనం మంచి కబురు కాదు.

సంబంధాలు వెతకడం మొదలుపెట్టాను.

మొదటిది మరీ పొడుగు,
గాడిలో కూర్చుందే గాని కాళ్లు బయటే.
రెండోదానికి ఈడూ జోడూ కుదిరింది.
పళ్ల వరసలో గాటు ఉండాల్సిన చోటే గాటు,
మర దిగాల్సిన చోటే కన్నం,
తీగలు టక్కున అతుక్కున్నాయి.
మీట నొక్కాను.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు:
అనుమతి లేని కార్డు. ఆపేసి, తీసేయండి.

కొన్ని కంపెనీలు అంతే.
యంత్రం పుట్టినరోజే
దాని చెవిలో ఓ జాబితా ఊదేస్తారు.
నువ్వెంత బాగా పనిచేస్తావో అడగదది,
ఇంటిపేరు అడుగుతుంది.

త్సియాలా ఆ తెర చదివి నవ్వింది.
ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సుఖుమి నుంచి వచ్చినప్పుడు తనకి ముప్పై రెండు.
త్స్కాల్తుబోలో పాత శానిటోరియం,
ఒకప్పుడు సైనికాధికారులు
కీళ్లనొప్పులు నానబెట్టుకున్న చోట
రెండు వారాలని చెప్పి ఇచ్చిన గది.
ఫ్లాట్ల జాబితా అంటించినప్పుడల్లా
పైనుంచి కిందికి వేలు పెట్టుకుని వెళ్తుంది.
"పోయినసారి ఒక్క అక్షరం తేడా అన్నారు.
అప్పటికి అక్షరమేనా అనిపించింది."

నా మూడో కార్డుకీ ఒక్క అంకే తేడా.
అదే కంపెనీ, అదే కొలత,
చివర ఎనిమిదికి బదులు మూడు.
అదే నల్లటి తెర.

నాకు విసుగొచ్చింది.
"బయట గుచ్చుకునే పుల్ల ఒకటుంది, చవక.
పక్కన వేలాడుతుంటుంది, పనైతే జరుగుతుంది."
"బయట వేలాడింది చాలు" అంది త్సియాలా,
"లోపల ఉండేదే చూడు."

నాలుగోది బతూమిలో దొరికింది.
మా తోడల్లుడు జురికో
వరదలో మునిగిన బీమా ఆఫీసు లాప్‌టాప్ లోంచి పీకి,
అగ్గిపెట్టెలో పెట్టి,
మినీబస్సు డ్రైవర్ చేతికిచ్చాడు.
దారిలో ఆయన సిగరెట్ కోసం
ఆ పెట్టె రెండుసార్లు తెరిచాడట.
రెండోసారి తిట్టాడట కూడా.

నేనే తీసుకెళ్లాను, వాన తగ్గాక.
స్తంభాల మధ్య ఆరేసిన దుప్పట్లు,
కిటికీ అద్దం కోసి బయటికి తీసిన పొయ్యి గొట్టం,
పాలరాతి మెట్ల మీద ఎవరివో బంగాళదుంపలు.
ఆమె టార్చి పట్టుకుంది, నేను మరలు విప్పాను.
బురద మరక ఇంకా పోని ఆ ముక్కని గాడిలో నొక్కాను.

యంత్రం కాసేపు ఆలోచించింది.
ఏమీ అనలేదు.
ఏమీ అనకపోవడం ఇంత బాగుంటుందని
ఆ గదిలోనే తెలిసింది నాకు.

తెర మూలన చిన్న జాబితా తెరుచుకుంది:
ఎల్గుజా 212.
కిందింటి కిరాణా.
ముట్టుకోకు.
అన్నిటికన్నా అడుగున ఓ వీధి పేరు,
పక్కన ఇంటి నంబరు.

"ఈ వీధి ఇక్కడ లేదే" అన్నాను.
"లేదు" అంది.

అది సంకేతపదం అడిగింది.
ఊరి కోడ్‌తో సహా అంకెలు కొట్టింది త్సియాలా,
చూపుడువేలుతో, గుండ్రటి డయల్ తిప్పినంత నిదానంగా,
ప్రతి అంకె తర్వాతా వేలు వెనక్కి వచ్చేదాకా ఆగుతూ.

నేను పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాను.

తిరుగు బస్సులో చిల్లర కోసం జేబులో చెయ్యి పెడితే
ఆ అరిగిన మర తగిలింది.
పదిటితోనే బిగించేసినట్టున్నాను.
రేపు వెళ్లాలి.
లేదా, ఎల్లుండి.