గంధం ఒలిచిన రాత్రి

తుఫాను దాటిన అయిదో రోజు
కొండల మీద ఆకన్నది లేదు.
కైలాసగిరి నుంచి యారాడ దాకా
తిరపతి వెళ్లొచ్చిన కుటుంబంలా
గుండ్లతో వరసగా కూర్చున్నాయి.

పోర్టు పక్కన మూడు గుట్టలు.
ఒకదాని మీద మేరీమాత, ఒకదాని మీద దర్గా,
ఒకదాని మీద వెంకన్న.
మూడింటికీ కింద ఒకటే ట్రాన్స్‌ఫార్మరు.
అది నా సెక్షను.

గుడి అయ్యవారు పైనుంచే కేకేశారు,
"ఒరే సింహాద్రీ, స్వామికి నీళ్లు లేవు, మోటారు!"
చర్చిలో ఫ్లోరెన్సమ్మకి కొవ్వొత్తులు అయిపోయాయి.
"పర్లేదురా, ఒకళ్ల మొహం ఒకళ్లకి కనపడక
ప్రార్థన బాగానే సాగుతోంది" అంది.

దర్గా మెట్ల మీద జైతూన్ బీ
అయిదు రోజులుగా అదే వేపాకు ఊడుస్తోంది.
"ఈ తుఫానుది పిట్ట పేరు, తెలుసా బేటా?
కూకుడుగువ్వ. తల మీద కిరీటం.
సులేమాన్ పాదుషాకి ఉత్తరాలు మోసేది."
"మరి మనకేం తెచ్చిందటమ్మా?"
చీపురు ఆపి ఆకాశం చూపించింది.
"కవరు చింపి మరీ ఇచ్చింది. చదువుకో."

ప్రవచనాల్లో చెబుతుంటారు,
కరెంటొకటే, బల్బులే వేరని.
చెప్పేవాళ్లెవరూ స్తంభం ఎక్కినవాళ్లు కాదు.
కరెంటు ఒకటి కాదు. మూడు ఫేజులు.
ఒకటి లేస్తుంటే ఇంకొకటి వాలుతుంటుంది,
ఏ రెండూ ఒకే క్షణాన శిఖరం ఎక్కవు.
రెంటినీ ఒకటి చేద్దామని కలిపావా,
మా పైడిరాజులా మసైపోతావు.
నాలుగో తీగ ఒకటుంది, న్యూట్రల్.
మూడూ సమంగా నడిచినంతసేపూ
అందులో ఏమీ పారదు.
ఆ ఏమీ పారని తీగ తెగిన రోజు
వీధి వీధంతా టీవీలు పేలతాయి.

తొట్లకొండ మీద ఒకసారి
రాతిలో తొలిచిన తొట్టి పక్కన క్యారేజీ విప్పాను.
రెండు వేల ఏళ్ల కింద భిక్షువులు తాగిన తొట్టి,
అడుగున ఇంకా వాననీళ్లు.
వాళ్ల దేవుడి కోసం చుట్టూ వెతికాను.
ఖాళీ, గాలి, కింద సముద్రం.
ఈ ఖాళీతో నాకు పరిచయం ఉందే అనిపించింది.
ఎక్కడో గుర్తు రాలేదు. పెరుగన్నం తినేసి దిగిపోయాను.

మా అప్పన్న ఏడాదంతా గంధం కప్పుకునే ఉంటాడు.
వైశాఖంలో ఒక్క రోజు ఒలుస్తారు.
పద్నాలుగేళ్లు ఆ క్యూలో నిలబడ్డాను.
నిజరూపం అంటే నాకు గుర్తున్నది
ముందువాడి మెడ, చెమట,
"జరగండి, జరగండి" అన్న అరుపు.

ఆ రాత్రి పని అయ్యేసరికి ఏడు దాటింది.
చేతిలో ఫ్యూజు. పెడితే అయిపోయింది.
పోర్టు క్రేన్ల మీద లైట్లు లేవు.
ఓడలన్నీ ముందే లోతుకి పారిపోయాయి.
టౌను హాలు సందులోకి కూడా
అలల చప్పుడు నడిచొచ్చింది.
తలెత్తాను.
పుట్టిన దగ్గర్నుంచీ ఈ ఊళ్లోనే ఉన్నాను,
ఇన్ని ఉన్నాయని ఎవరూ చెప్పలేదు.
చుక్కలకి మధ్య నలుపుంది కదా,
అదే నన్ను చూస్తున్నట్టుంది.
చేతిలో ఫ్యూజు ఎవరిదో అనిపించింది.
చెయ్యి కూడా.

ఎవరూ తోయలేదు. జరగండి అనలేదు.

కింద ఇన్సులిన్ను కుండలో దాచుకున్న ఇళ్లున్నాయి.
పాలు విరిగి ఏడ్చే పిల్లలున్నారు.
నాకు తెలుసు. అయినా నిలబడ్డాను.

తర్వాత పెట్టాను.
ఊరంతా "హో" అని ఒక్క కేక.
గుట్టలు మూడూ వెలిగాయి, గుడి మోటారు దగ్గింది,
ఆకాశం మళ్లీ గంధం పూసుకుంది.

లాగ్‌బుక్కులో రాశాను:
లైను సిద్ధం, ఏడూ నలభై. సప్లై, ఏడూ నలభై.
నిజానికి సప్లై ఏడూ నలభై మూడుకి.
ఏఈ గారు చూసి సంతకం పెట్టారు.

మర్నాడు టీ ఇస్తూ జైతూన్ బీ
"చదివావా?" అంది.
గ్లాసు కాలుతోందన్నాను.