పిక్కను తీసేస్తే

కాశీబుగ్గలో మే నెల. రాత్రి రెండున్నర.
వీధి చివర జీడిబట్టీ ఇంకా చల్లారలేదు.
పొగగొట్టం మీదుగా చూస్తే
చుక్కలు పెనం మీది నీటిబొట్లలా చిందులేస్తున్నాయి.

మా పనంతా ఆ వణుకుతోనే.

గాలంటే ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.
తిత్లీ రాత్రి దాలమ్మ తోటలో
ముప్పై జీడిచెట్లు వేళ్లతో సహా లేచి పడుకున్నాయి.
ఇది ఆ గాలి కాదు.
ఆకు కూడా కదలని గాలి.
వేడి పొరా చల్లటి పొరా ఒకదాన్నొకటి ఒరుసుకుంటే చాలు,
తొమ్మిదొందల కోట్ల ఏళ్లు ఎక్కడా తూలకుండా నడిచొచ్చిన వెలుగు
తీరా మన గుమ్మంలో
రెప్ప వేసే లోపు
కాలు జారి పడుతుంది.

అందుకే భూమికి అటుపక్క, ఏదో కొండ మీద
పెద్ద అద్దానికి తోడుగా ఓ పల్చటి అద్దం పెట్టారు.
సెకనుకి వెయ్యిసార్లు ఒళ్లు వంచుకుంటుందది.
గాలి ఇటు మెలిపెడితే తను అటు వంగి
పడినదాన్ని పడకముందులా నిలబెడుతుంది.
దాన్ని నేనెప్పుడూ చూడలేదు.
అది తీసిన బొమ్మలు మాత్రం
నెట్ వచ్చినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా
ఈ మేడగదిలోకి దిగుతాయి.

రెండో షిఫ్ట్ దిగి, చేతుల బూడిద కడుక్కుని
దాలమ్మ పెద్దమ్మ మేడెక్కింది.
"ఏటే గుంటా, రాత్తిరల్లా ఆ మచ్చకాసే సూత్తన్నావు?
అదేటైనా కదుల్తాదా?"
కదలకుండా చూడ్డానికే ఇంత ఖర్చన్నాను.
"ఇదా?" అని వేలు పెట్టి చూపించింది.
అదే. క్వేజార్.
మన పాలపుంత లాంటిదే ఇంకోటి.
నడిమధ్య ఓ చీకటి నోరు;
అది మింగబోయేదంతా గొంతు దగ్గరే భగ్గుమంటుంది.
ఆ మంట ముందు
చుట్టూ ఉన్న పదివేల కోట్ల చుక్కలు కనబడకుండా పోతాయి.

"అంటే పిక్క మెరుస్తాది, పండు అగుపడదు."

మూడేళ్లుగా నేను రాస్తున్నది ఆ ఒక్క వాక్యమే.
మీరు పండు పారేసి పిక్క దాస్తారు పెద్దమ్మా,
నేను పిక్క తీసి పారేసి
పండు కోసం తడుముకుంటాను.

ఒకటే చిక్కు. పక్కన ఓ మామూలు చుక్క ఉండాలి.
దాని వెలుగు ఎలా చెదిరిందో చూసే
అద్దం ఎటు వంగాలో నేర్చుకుంటుంది.
ఆ చుక్క రూపాన్నే అరువు తెచ్చి
పిక్క మీద సరిపెట్టి తీసివేస్తాను.
చుక్క తోడు లేనివాటిని మొదటే కొట్టేశాం.
నూట పన్నెండింటిలో తొమ్మిది మిగిలాయి.
"మరి మిగతాయి?"
ఉన్నాయి. మాకు కుదరదు.

ఆమె కాసేపు మాట్లాడలేదు.
పోయిన వారం రేషన్ డిపోలో
మిషను ఆమె బొటనవేలిని నాలుగుసార్లు వద్దంది.
ముప్పయ్యేళ్ల జీడిచమురు గీతలన్నీ తినేసింది.
రేపు రమ్మన్నాడు డీలరు.
రేపైనా అదే వేలు కదా.

మూడు దాటాక తీసివేత పూర్తయింది.
నడుమ నల్లటి గుంట,
చుట్టూ చెల్లిన రవ్వలాంటి గరుకు.
పైన కుడివైపున
లేతగా, వంపు తిరిగి, ఓ చెయ్యి!
కుర్చీ వెనక్కి పడింది.
రెండు పాలపుంతలు గుద్దుకుంటే
ఇలాంటి చెయ్యే సాగుతుంది.
బొమ్మ పెద్దది చేశాను. చెయ్యి పెరగలేదు.
పక్కకి జరిపాను. జరగలేదు.

తెర మీద జిడ్డు.
ఇందాకటి వేలు.
ఎంత దగ్గరగా చూసినా
ఒక్క గీతైనా లేని ముద్ర.

"అయ్యో, నాను పాడు సేసినానా" అని
చెంగుతో తుడవబోయింది.
ఉండు ఉండు అన్నాను. ఎందుకన్నానో తెలీదు.
ఈలోగా తుడిచేసింది.

తుడిచిన చోటుకి కాస్త కింద
ఇంకా ఏదో ఉంది. బొమ్మతో పాటు జరుగుతోంది.
అది పండో, నా లెక్కలో మిగిలిన తొక్కో
ఇంకో నాలుగు రాత్రుల బొమ్మలు కలిపితే గాని చెప్పలేను.

దాలమ్మ తెరకి ముక్కు ఆనించినంత పని చేసింది.
"వోసనొస్తే నాను సెప్పుదునే" అంది.